పచ్చికబయలు నుంచి పరుగుబాటకు



గుర్రం ఎక్కువగా రాత్రిపూటే ఈనుతుంది. చుట్టూ మనుషుల అలికిడి అణిగాక, లాయంలో దీపం తగ్గించాక, తనకు భయం లేదని నమ్మకం కుదిరాక ఈనుతుంది. పిల్ల నేలమీద పడిన గంటలోపే లేవాలని చూస్తుంది. సన్నగా, పొడుగ్గా ఉన్న ఆ కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకు జారిపోతుంటాయి. పడుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. చివరికి నిలబడి తల్లి పొదుగు వెతుక్కుంటుంది. పశువైద్యుడిగా నేనా దృశ్యాన్ని ఎన్నోసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ నా కళ్లు ఆ కాళ్లమీదికే పోయేవి. ఇంకో రెండు మూడేళ్లలో ఆ కాళ్లే దాదాపు 450 కిలోల శరీరాన్ని మోస్తూ పందెంలో దౌడు తీయాలి. ఆ దౌడులో ముందుకాలు ఒక్కటే నేలను తాకే క్షణం ఒకటుంటుంది. అప్పుడు దానిమీద పడే ఒత్తిడి గుర్రం బరువుకు రెండున్నర రెట్లు. అంటే టన్ను దాటుతుంది.

గుర్రాల పెంపకశాలను పందెపు గుర్రాల శిక్షణ కేంద్రంగా మార్చడం గురించి ఈ పూట మాట్లాడదలచుకున్నాను. వినడానికి ఇది తేలికపాటి మార్పులాగే ఉంటుంది. భూమి ఉంది, కంచె ఉంది, లాయాలున్నాయి, నీరుంది, సాయీసులున్నారు, గుర్రాలూ ఉన్నాయి. ఒక ట్రాక్ వేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. ఎందుకు సరిపోదో ఒక పెంపకందారు నాకు ప్రత్యక్షంగా చూపించాడు. ఆయన పేరు, ఊరు చెప్పను. మన దక్కన్ నేలమీదే అని మాత్రం చెబుతాను.

తండ్రి పెట్టిన పెంపకశాల ఆయనది. పెంపకంలో రాబడి నిదానం. ఆడగుర్రం పదకొండు నెలలు మోసి ఏడాదికొక్క పిల్లను ఇస్తుంది. ఆ పిల్లను అమ్మే వయసు వచ్చేదాకా మేపాలి. అమ్మేనాడు ధర ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు కదా, ఆ సామెతలోని బరువు పెంపకందారుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. శిక్షణ కేంద్రానికైతే ప్రతి గుర్రం మీదా నెలనెలా రుసుము వస్తుంది. తన పిల్లలకు తనే పరుగు నేర్పుకోవచ్చు, ఇతరుల గుర్రాలనూ తీసుకోవచ్చు. ఆయన లెక్కలో తప్పు లేదు. ఒక పచ్చికబయలు చుట్టూ మట్టి చెక్కించి, రోలరు తిప్పించి, గుండ్రంగా ట్రాక్ వేయించాడు. నాలుగు నెలలు తిరగకముందే నాకు కబురు వచ్చింది.

నేను వెళ్లేసరికి ఆయన చేతిలో స్టాప్‌వాచీ ఉంది. "ట్రాక్ బ్రహ్మాండంగా ఉంది డాక్టరుగారూ, ఫర్లాంగు టైమింగు రోజురోజుకీ మెరుగవుతోంది. కానీ పిల్లలు కుంటుతున్నాయి" అన్నాడు. పదకొండు కుర్రగుర్రాల్లో ఆరింటికి ముందుకాళ్ల నొప్పి. ఆయన తండ్రి కాలంనుంచీ ఉన్న ముసలి సాయీసు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన ఏమీ అనలేదు. ఒక గుర్రం దగ్గరికి వెళ్లి మోకాళ్లమీద కూర్చున్నాడు. మోకాలి కిందినుంచి గిట్ట పై దాకా ఎముక ముందుభాగం మీద అరచేతిని మెల్లగా జార్చాడు. ఒకచోట చెయ్యి ఆగింది. నా వైపు చూసి, "ఇక్కడ వేడిగా ఉంది సార్" అన్నాడు. నేనూ చెయ్యి పెట్టాను. వేలు ఆనగానే గుర్రం కాలు లాగేసుకుంది. వాచీకి అందనిది ఆ అరచేతికి అందింది.

ఎండిన ఎర్రనేలను రోలరుతో తొక్కిస్తే సిమెంటు గచ్చులా బిగుసుకుంటుంది. గట్టినేల మీద గిట్ట దిగబడదు కాబట్టి గుర్రం వేగంగా పోతుంది. ఆ దెబ్బ మొత్తం తిరిగి ఎముకకే తగులుతుంది. నల్లరేగడి అయితే ఇంకో తంటా. వానకు ఉబ్బి బంకలా పట్టుకుంటుంది, ఎండకు నెర్రెలు విచ్చుకుంటుంది. పచ్చికకు బలమిచ్చే నేల వేరు, పరుగుకు పనికొచ్చే నేల వేరు. పరుగుబాట అంటే పొరలు పొరలుగా కట్టుకోవలసినది. అడుగున నీరు ఇంకి పక్కకు పోవడానికి కంకర, కాలువలు. దానిమీద కదలని గట్టి పునాది. ఆపైన మూడు నాలుగు అంగుళాల మెత్తటి ఇసుక పొర. మలుపుల దగ్గర బయటివైపు కాస్త ఎత్తు. ఇవన్నీ ఉన్నా ప్రతిరోజూ ట్రాక్టరుకు దంతె కట్టి ఇసుకను కదపాలి, కొలతగా తడపాలి. కంకరకు, కాలువలకు పెట్టే ఖర్చు చూడవచ్చినవాళ్ల కంటికి కనిపించదు. గుర్రం కాలికి మాత్రం తెలుస్తుంది.

ఈ మార్పును ఓపికగా, పద్ధతిగా చేసి చూపించిన మనిషి ఒకాయన ఆస్ట్రేలియాలో ఉండేవాడు. పేరు కాలిన్ హేస్. అడిలైడ్ దగ్గర పుట్టినవాడు, బాయిలర్లు తయారుచేసే పనివాడిగా బతుకు మొదలుపెట్టినవాడు. కారుచౌకగా కొన్న ఒక గుర్రంతో ఈ రంగంలోకి అడుగుపెట్టాడు. అడ్డంకులు దూకే పందేల్లో పరుగెత్తిన ఆ గుర్రం పేరు ష్యూర్‌ఫుట్. అడుగు తడబడనిది అని అర్థం.

హేస్ 1965లో అడిలైడ్‌కు దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో, బరోసా లోయలోని యాంగస్టన్ ఊరి దగ్గర లిండ్సే పార్క్ అనే పాత ఎస్టేటును కొన్నాడు. ద్రాక్షతోటలకు పేరుపడ్డ లోయ అది. అక్కడ ఆయన ముందుగా పెట్టింది పెంపకశాలే. స్టాలియన్లను, అంటే మగగుర్రాలను, తెచ్చాడు, ఆడగుర్రాలను మేపాడు, పిల్లలను పెంచాడు. ఐదేళ్ల తర్వాత, 1970లో, శిక్షణను కూడా నగరం నుంచి అక్కడికే మార్చుకున్నాడు. అప్పట్లో అక్కడి శిక్షకులు నగరాల్లో, రేస్‌కోర్సుకు దగ్గరలో ఉండేవారు. పొద్దున్నే అందరూ వాడే ట్రాక్ మీద, తమ వంతు వచ్చినప్పుడు గుర్రాలను తిప్పేవారు. అలాంటి రోజుల్లో కొండగాలి తగిలే పల్లెలో సొంత ట్రాకులు వేసుకోవడమంటే సాహసమే.

ఆ ఐదేళ్లను గమనించండి. నేల కొన్న మర్నాడే ఆయన పరుగుబాట వేయలేదు. ఏ చెలక మీద వాననీరు నిలుస్తుందో, ఏ వాలు మీద గాలి వీస్తుందో, ఎక్కడ పచ్చిక తొందరగా కోలుకుంటుందో ఐదు వానాకాలాలు, ఐదు వేసవులు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. పెంపకందారుకున్న అసలు ఆస్తి నా దృష్టిలో ఇదే. శిక్షకుడు సెకన్లలో ఆలోచిస్తాడు, పెంపకందారు రుతువుల్లో ఆలోచిస్తాడు. శిక్షణ కేంద్రంగా మారినా ఆ రుతువుల ఓర్పును వదులుకోని చోటే గుర్రాలు నిలబడతాయి. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇది. మిగతాదంతా దానికి వివరణే.

లిండ్సే పార్క్‌లో ఉన్న వితౌట్ ఫియర్ అనే స్టాలియన్ సంతానం రెండేళ్ల వయసు పందేల్లోనే పేరు తెచ్చుకుంది. హేస్ శిక్షణలో 1980లో బెల్డేల్ బాల్, 1986లో అట్ తలాఖ్ మెల్‌బోర్న్ కప్ పందేన్ని గెలిచాయి. 1982 జనవరి 23న ఒక్కరోజే ఆయన గుర్రాలు పది పందేలు గెలిచాయి. ఆయన 1990లో బాధ్యతను కొడుకు డేవిడ్‌కు అప్పగించాడు. అదే ఏడాది బెటర్ లూసెన్ అప్ అనే గుర్రం జపాన్ వెళ్లి జపాన్ కప్ గెలుచుకొచ్చింది. ఆస్ట్రేలియాలో శిక్షణ పొందిన గుర్రానికి ఆ కప్పు రావడం అదే మొదటిసారి.

ఆ చరిత్రలో కన్నీళ్లు కూడా ఉన్నాయి. హేస్ శిక్షణలోనే డల్సిఫై అని ఒక గుర్రం ఉండేది. 1979లో కాక్స్ ప్లేట్ పందేన్ని ఏడు గుర్రాల దూరంతో గెలిచింది. దాని జోరు చూసినవాళ్లు మెల్‌బోర్న్ కప్ దానిదే అనుకున్నారు. కొద్ది రోజులకే ఆ కప్ పరుగులో కటి ఎముక విరిగింది. బతికించే దారి లేక దానికి శాశ్వత నిద్ర ఇవ్వవలసి వచ్చింది. ఎంత మంచి నేల వేసినా, ఎంత జాగ్రత్తపడినా ఈ రంగంలో ప్రమాదం పూర్తిగా తొలగిపోదు. మన చేతిలో ఉన్న జాగ్రత్తలో ఒక్క వీసం కూడా తగ్గించకూడదని నేను పట్టుబట్టేది అందుకే.

ఇక ఎముక సంగతి. ఎముక రాయి కాదు, సజీవమైనది. దానిమీద ఎలాంటి బరువు పడితే దానికి తగ్గట్టు తనను తాను మళ్లీ కట్టుకుంటుంది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య శస్త్రచికిత్స నిపుణుడు డేవిడ్ నునమేకర్ కుర్రగుర్రాలకు వచ్చే ఈ ముందుకాలి నొప్పిమీదే ఏళ్లతరబడి పరిశోధించారు. నెమ్మదిగా మైళ్లకు మైళ్లు పరుగెత్తిస్తే కాలు గట్టిపడుతుందని పాతకాలం నమ్మకం. ఆయన చూపింది వేరు. నెమ్మది పరుగులో ఎముకమీద పడే ఒత్తిడి దిశ వేరు, వేగపు దౌడులో పడే దిశ వేరు. నెమ్మది పరుగుకు అలవాటుపడిన ఎముక ఒక్కసారిగా వచ్చే వేగానికి సిద్ధంగా ఉండదు. అందుకని మొదటినుంచీ తక్కువ దూరాల్లో, కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా వేగాన్ని రుచి చూపించాలి. మధ్యలో ఎముక తనను కట్టుకోవడానికి గడువివ్వాలి. మందులో మోతాదు ఎంత ముఖ్యమో పరుగులోనూ అంతే.

ఎత్తుబాట గురించి కూడా చెప్పాలి. గుర్రం బరువులో దాదాపు అరవై శాతం ముందుకాళ్లమీదే ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ భారం కొంత వెనుకకాళ్లకు మారుతుంది. వేగం తక్కువగా ఉన్నా గుండెకు, ఊపిరితిత్తులకు కావలసినంత పని దొరుకుతుంది. జపాన్‌లో రిట్టో శిక్షణ కేంద్రం 1969లో మొదలైంది. అక్కడ 1985లో ఏటవాలు బాట వేశారు. మిహోనో బర్బన్ అనే గుర్రాన్ని ఆ వాలు మీదే గట్టిగా సాధన చేయించారు. దాని వంశాన్ని చూసి తక్కువ దూరాలకే పనికొస్తుందని అనుకున్నారు. అది 1992లో జపాన్ డెర్బీ గెలిచింది. ఆ ఏడాదే కాలి దెబ్బతో మళ్లీ పందేనికి రాలేకపోయిందన్నది కూడా దాని కథలో భాగమే. పొలంలో గుట్ట ఉంటే చదును చేయించకండి, దాన్ని వాడుకోండి. కానీ గుట్ట ఉంది కదా అని గడువు తగ్గించకండి.

పెంపకశాల మారేటప్పుడు చాలామంది మరిచిపోయే ప్రమాదం అంటువ్యాధి. పెంపకశాలలో చూలుతో ఉన్న ఆడగుర్రాలుంటాయి, పసిపిల్లలుంటాయి. శిక్షణ కేంద్రానికి నాలుగు ఊళ్ల గుర్రాలు వస్తూపోతూ ఉంటాయి. గుర్రాల్లో హెర్పిస్ జాతి వైరస్ ఒకటుంది. కుర్రగుర్రానికి అది మామూలు జలుబులా వచ్చిపోవచ్చు. అదే చూలు గుర్రానికి సోకితే చివరి నెలల్లో పిల్ల చచ్చి పడిపోతుంది. అందుకని రెండింటికీ మధ్య గట్టి ఎడం ఉండాలి. వేరే గేటు, వేరే నీటితొట్టి, వేరే సాయీసులు, బయటినుంచి వచ్చిన ప్రతి గుర్రాన్నీ కొన్ని వారాలు విడిగా ఉంచడం. ఒకే కళ్లెం, ఒకే బకెట్ అటూ ఇటూ తిరిగిందంటే ఏడాది కష్టం ఒక్క వారంలో నీళ్లపాలవుతుంది.

ఇప్పుడు అసలు చదువు దగ్గరికొద్దాం. పుట్టినప్పటినుంచీ పచ్చికలో తోటిపిల్లలతో పరుగెత్తిన గుర్రం, వీపుమీద బరువు అనేది ఎరగదు. అడవిలో గుర్రం వీపుమీదికి దూకేది పులో సింహమో మాత్రమే. ఆ భయం దాని రక్తంలోనే ఉంది. అందుకే మొదటి రోజు జీను వేయరు. మెత్తటి గుడ్డతో ఒళ్లంతా తుడుస్తారు. నోట్లో కళ్లెం పెట్టి, పొడవాటి తాడుతో గుండ్రంగా నడిపిస్తారు. కొన్ని రోజులకు జీను. దాని పట్టీని ఒక్కొక్క రంధ్రమే బిగిస్తారు, గుర్రం ఊపిరి వదిలేదాకా ఆగుతారు. ఆ తర్వాత రైడరు లాయంలోనే దాని వీపుకు అడ్డంగా పొట్ట ఆనించి పడుకుంటాడు. గుర్రం చెవులు వెనక్కి తిరుగుతాయి, చర్మం వణుకుతుంది. సాయీసు దాని మెడ నిమురుతూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడు. ఆ మాటలకు అర్థం ఉండనక్కర్లేదు, గొంతు మారకుండా ఉంటే చాలు. చెవులు మళ్లీ ముందుకు వస్తే ఆ రోజు పాఠం అయిపోయినట్టే. పుట్టిన చోటే, తను ఎరిగిన మనుషుల మధ్యే ఈ పాఠం నేర్చుకునే పిల్లకు భయం సగం తగ్గుతుంది. పెంపకశాల శిక్షణ కేంద్రమైతే కలిగే పెద్ద మేలు ఇదే.

దీనికి మనుషులు కావాలి. ఓపిక ఉన్న, చెయ్యి మెత్తనైన, భయంలేని మనుషులు. జపాన్‌లోని హొక్కైడో దీవిలో ఉరకావా అని ఒక ఊరుంది. పందెపు గుర్రాల పెంపకానికి పేరుపడ్డ హిదకా ప్రాంతంలోది. కుర్రగుర్రాల సాధన కోసం అక్కడ ఒక పెద్ద శిక్షణ కేంద్రం 1993లో తెరిచారు. హొక్కైడోలో చలికాలమంతా మంచే కాబట్టి పైకప్పు కింద పరుగుబాటలు కట్టారు. ఈ మధ్య ఏళ్లలో ఆ ఊళ్లో కుర్రగుర్రాలకు పరుగు నేర్పుతున్న రైడర్లలో మన భారతీయులు ఎందరో ఉన్నారు. మన రైడర్ల చేతిలోని ఆ నేర్పుకు అంత దూరంలో విలువ దక్కుతోంది. ఇక్కడ మంచి శిక్షణ కేంద్రాలు వస్తే ఆ చేతులకు ఇక్కడా గౌరవమైన పని దొరుకుతుంది. అలాంటి కేంద్రం కట్టేవాళ్లు లాయాలతోపాటు సాయీసుల ఇళ్లూ కట్టాలి. గుర్రానికి బీమా చేయించేవాళ్లు రైడరుకూ చేయించాలి. పొద్దున్న నాలుగింటికి లేచే మనిషికి మధ్యాహ్నం నిద్రపోయే చోటుండాలి.

మన హైదరాబాద్ సంగతి చూడండి. ఇక్కడ పందేలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, మలక్‌పేటకు మారాయి. ఆనాడు ఊరి అంచున ఉన్న ఆ మైదానం చుట్టూ ఇవాళ నగరం మూసుకుపోయింది. మలక్‌పేటలో గుర్రం తెల్లవారుజామున ట్రాక్ మీదికి వచ్చి, తన వంతు పని చేసుకుని, మళ్లీ లాయంలోకి పోతుంది. రోజులో ఎక్కువ గంటలు నాలుగు గోడల మధ్యే. అక్కడి శిక్షకులు, సాయీసులు ఉన్నంతలో ఎంతో శ్రద్ధగా చూసుకుంటారు, అందులో సందేహం లేదు. అయినా గుర్రం తలవంచి గడ్డి కొరుక్కుంటూ రోజంతా నడవడానికి పుట్టిన జీవి. గోడల మధ్యే ఉంటే కొన్ని గుర్రాలు చెక్క కొరకడం, తల అటూ ఇటూ ఊపుతూ ఉండడం మొదలుపెడతాయి. సాయంత్రం రెండు గంటలు పచ్చికలో వదిలే వీలున్న శిక్షణ కేంద్రం గుర్రం మనసుకు ఇచ్చే శాంతి మందులతో రాదు. పెంపకశాలకు ఆ పచ్చిక ముందే ఉంది. ట్రాక్ కోసం దాన్నంతా చెక్కేయవద్దనే నా మనవి.

లిండ్సే పార్క్ కథకు ఇంకో కొస ఉంది. హేస్ కుటుంబం ఆ తర్వాతి కాలంలో యాంగస్టన్ నేలను వదిలి, విక్టోరియా రాష్ట్రంలోని యురోవా దగ్గర కొత్త శిక్షణ కేంద్రం కట్టుకుంది. దానికీ లిండ్సే పార్క్ అనే పేరే పెట్టారు. కాలిన్ హేస్ 1999లో కన్నుమూశాడు. ఆయన మనవలు ఇప్పుడు అక్కడ గుర్రాలకు శిక్షణనిస్తున్నారు. నేల మారింది, రాష్ట్రం మారింది, పేరూ పద్ధతీ వెంట వెళ్లాయి.

మన దక్కన్ పెంపకందారు దగ్గరికి తిరిగి వద్దాం. ఆయన నా మాట విన్నాడు. ట్రాక్‌ను తవ్వించి కంకర వేయించాడు, కాలువలు తీయించాడు, ఇసుక పరిపించాడు. చూలు గుర్రాలను వాగు అవతలికి మార్చి వేరే గేటు పెట్టించాడు. నొప్పి ఉన్న ఆరు పిల్లలనూ నెలల తరబడి పచ్చికలో వదిలేశాడు. ఆ ఏడు రాబడి లేదు. దాణా ఖర్చు మాత్రం తప్పలేదు. అది ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు.

మరుసటి ఏడు చలికాలంలో ఒక తెల్లవారుజామున నేను మళ్లీ అక్కడికి వెళ్లాను. ఇసుకమీద దంతె గీతలు ఇంకా చెరగలేదు. అప్పుడు కాలు లాగేసుకున్న పిల్లే జీనుతో నిలబడి ఉంది. రైడరు ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాడు. యజమాని చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు. వాచీ జేబులోనే ఉంది. ముసలి సాయీసు మోకాళ్లమీద కూర్చుని, ఎప్పటిలాగే మోకాలి కిందినుంచి గిట్ట దాకా అరచేతిని జార్చాడు. రెండో కాలూ చూశాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. గుర్రం కదలకుండా నిలబడింది.

లేచి మోకాళ్లకంటిన ఇసుక దులుపుకుంటూ ఆయన, "చల్లగా ఉన్నాయి సార్, ఇవాళ పోనివ్వచ్చు" అన్నాడు.